కంట్లో కండ ఆపరేషన్: అతుకు గమ్‌తో పెట్టించాలా, కుట్లతోనా?

అడిగిన విషయం క్లుప్తంగా ఇది. ఒడిశాలో గోపాలపూర్ దగ్గర చేపల వేట చేసే నాన్నగారికి 58 ఏళ్లు. కుడి కంట్లో ముక్కువైపు నుంచి కండ పెరిగి నల్లగుడ్డు మీదకి 3 మిల్లీమీటర్లు వచ్చింది. బరంపురంలో చూపిస్తే కండ తీసేసి, ఆ ఖాళీలో అదే కంటి తెల్లపొర ముక్కను అతుకుగా పెట్టి కుట్లు వేస్తామన్నారు. విశాఖలో గమ్‌తో అంటిస్తామన్నారు, కిట్‌కి వేరే డబ్బు కట్టాలన్నారు. ఏది మేలు, మళ్ళీ పెరగదా, వేటకి ఎప్పుడు వెళ్ళొచ్చు?

కిట్ డబ్బు భారం కాకపోతే, ఆపరేషన్ అయిన మర్నాడు ఒకసారి, వారం తర్వాత ఒకసారి చూపించుకోగలిగితే గమ్ పెట్టించండి. ఈ రెంటిలో ఏది కుదరకపోయినా కుట్లు వేయించండి, అందులో చిన్నతనం ఏమీ లేదు. అయితే మీరు ఆ డాక్టర్లను అడగాల్సిన మొదటి ప్రశ్న ఇది కాదు. అతుకు ఎక్కడి నుంచి తీస్తారు, ఎంత పల్చగా తీస్తారు, ఇలాంటివి తరచుగా చేస్తుంటారా అన్నది ముందు అడగండి. మందంగా తీసిన అతుకును ఎంత ఖరీదైన గమ్‌తో అంటించినా లాభం లేదు.

కండను డాక్టర్లు టెరిజియం అంటారు. ఒకప్పుడు దాన్ని కోసేసి, తెల్లగుడ్డును అలాగే ఖాళీగా వదిలేసేవారు. అలా చేసినవాళ్ళలో, అధ్యయనాన్ని బట్టి, నూటికి పాతిక మంది నుంచి ఎనభై పైచిలుకు మంది దాకా కండ తిరిగి పెరిగేది. పెరిగిన రెండో కండ మొదటిదానికన్నా మందంగా, ఎర్రగా, లోపలికి అతుక్కుపోయి ఉంటుంది, తీయడం కష్టం. అదే కంటి పైభాగం నుంచి తెల్లపొర ముక్కను తీసి ఆ ఖాళీలో అతికే పద్ధతిని కెన్యన్ అనే కంటి డాక్టరు, ఆయన సహచరులు 1985లో ప్రచురించాక లెక్క మారింది. ఇప్పుడు బాగా చేసిన అతుకుతో నూటికి ఐదు నుంచి పదిహేను లోపే తిరగబెడుతుంది. ఇవాళ కూడా ఎవరైనా అతుకు లేకుండా ఊరికే కోసి పంపిస్తామంటే, ఎంత చవకైనా ఒప్పుకోకండి.

అతుకు వేసే తీరు తెలిస్తే గమ్‌కీ కుట్లకీ తేడా తేలిగ్గా అర్థమవుతుంది. కంటి చుట్టూ మత్తు సూది వేస్తారు, లేదా 2 శాతం లిగ్నోకెయిన్‌లో కాస్త అడ్రినలిన్ కలిపి కండ కిందకే ఎక్కిస్తారు. నల్లగుడ్డు మీదున్న తలభాగాన్ని ఒలిచి తీస్తారు. వెనక ఉన్న ఒంటిభాగాన్ని, దాని కిందున్న టెనాన్ అనే పీచుపొరతో సహా కత్తిరిస్తారు. ఖాళీ పడ్డ చోటును కాలిపర్‌తో కొలుస్తారు. పై రెప్ప కింద తెల్లపొరలోకి మందునీరు ఎక్కించి బుడగలా లేపి, కొలతకన్నా అర మిల్లీమీటరు నుంచి ఒక మిల్లీమీటరు ఎక్కువగా గుర్తు పెట్టి ముక్కను తీస్తారు. ఇక్కడే సర్జన్ చెయ్యి తెలిసిపోతుంది. కత్తెర మొన పొర కింద కదులుతుంటే పైనుంచి దాని మెరుపు స్పష్టంగా కనబడాలి. కనబడలేదంటే టెనాన్ పీచు ముక్కతోపాటు వచ్చేస్తోందన్నమాట. ఆ పీచు తర్వాత ముడుచుకుని అతుకును వెనక్కి లాగేస్తుంది, వాపు తెస్తుంది, కండ తిరిగి పెరగడానికి దారి ఇస్తుంది. తీసిన ముక్కను తిప్పకుండా, నల్లగుడ్డు అంచు వైపున్నది మళ్ళీ నల్లగుడ్డు అంచుకే వచ్చేలా పెట్టాలి. పైవైపు ఏదో కిందివైపు ఏదో మరిచిపోకుండా పైన వయొలెట్ సిరాతో చుక్క పెట్టుకుంటారు. బోర్లా అతికిన అతుకు బతకదు. పై రెప్ప కింద ముక్క తీసిన చోటు పది పదిహేను రోజుల్లో తనంతట అదే పూడుతుంది, దానికి ఏమీ వేయనక్కర్లేదు.

ఇంతవరకూ రెండు పద్ధతులూ ఒకటే. తేడా ఈ ముక్కను నిలబెట్టే దగ్గరే వస్తుంది.

గమ్ అనగానే మనవాళ్ళకు ఫెవిక్విక్ గుర్తొస్తుంది. అది సయనోఅక్రిలేట్ జాతి. ఆ జాతిలో వైద్యానికి తయారుచేసిన రకాన్ని నల్లగుడ్డుకు చిన్న చిల్లు పడితే పూడ్చడానికి వాడతారు, అది గట్టిపడి పెళుసుగా పైనే ఉండిపోతుంది. అతుకు కింద పెట్టేది అది కాదు, ఫైబ్రిన్ గ్లూ. రక్తం గడ్డకట్టేటప్పుడు చివర్లో జరిగే పనినే ఇది చేస్తుంది. కిట్‌లో రెండు భాగాలుంటాయి. ఒకదాంట్లో ఫైబ్రినోజెన్, ఫ్యాక్టర్ 13, గడ్డ తొందరగా కరిగిపోకుండా ఆపే అప్రోటినిన్. రెండోదాంట్లో థ్రాంబిన్, కాల్షియం క్లోరైడ్. రెండూ కలిసినప్పుడు ఫైబ్రిన్ వల అల్లుకుని పట్టేస్తుంది. మన దగ్గర టిస్సీల్, రెలిసీల్ లాంటి పేర్లతో దొరుకుతుంది. ఇది దాతల ప్లాస్మా నుంచి తయారైనది. హెచ్‌ఐవీ, హెపటైటిస్ బీ, సీ లాంటివాటికి పరీక్షించి, వైరస్‌ను చంపే దశలు దాటించాకే పెట్టెలోకి వస్తుంది, అయినా సంతకం పెట్టించుకునేటప్పుడు డాక్టరు ఈ మాట చెప్పాలి. అప్రోటినిన్‌ను కొన్ని కిట్లలో పశువుల నుంచి తీస్తారు. అది పడనివాళ్ళు, గతంలో గుండె ఆపరేషన్‌లో ఇలాంటి మందుకు రియాక్షన్ వచ్చినవాళ్ళు ముందే చెప్పాలి.

థియేటర్లో గమ్ చెడేది ఎక్కువగా తయారీ దగ్గరే. పొడి రూపంలో ఉన్న కిట్‌ను చల్లగా దాస్తారు. ఫ్రిజ్‌లోంచి తీసిన వెంటనే నీళ్ళు కలిపితే ఫైబ్రినోజెన్ కరక్కుండా ఉండలు కడుతుంది. 37 డిగ్రీల వెచ్చదనానికి తెచ్చి, నురగ రాకుండా కలపాలి. కలిపాక 4 గంటల్లో వాడేయాలి. రెండు భాగాలనూ ఒకే సూదిలోంచి పంపే జంట సిరంజీ పెద్ద ఆపరేషన్లకు బాగానే ఉంటుంది కానీ, కంటి దగ్గర ఒక్క క్షణం ఆగితే సూది మొనలోనే గడ్డకట్టి మూసుకుపోతుంది. అందుకే చాలామంది సర్జన్లు రెండు భాగాలనూ రెండు చిన్న సిరంజీల్లోకి విడివిడిగా తీసుకుంటారు. వాటి మీద పేరు రాసి, ఒకదాని సూది మరోదానికి తగలకుండా చూసుకోవాలి.

తర్వాత పని చకచకా సాగిపోవాలి. ముక్కను నల్లగుడ్డు మీద బోర్లా పరుస్తారు, అంటే పచ్చివైపు పైకి. ఖాళీ చోటును స్పాంజితో అద్ది బాగా ఆరబెడతారు. ఆ చోట ఒక చిన్న చుక్క థ్రాంబిన్, ముక్క పచ్చివైపు ఒక చిన్న చుక్క ఫైబ్రినోజెన్ వేస్తారు. ముక్కను తిప్పి పరిచి, మొద్దుగా ఉండే పనిముట్టుతో మధ్య నుంచి అంచులకు నిమురుతూ ఎక్కువైన గమ్‌ను బయటికి నెడతారు. థ్రాంబిన్ మిల్లీలీటరుకు 500 యూనిట్ల బలంతో ఉంటే కొద్ది సెకన్లలోనే పట్టేస్తుంది. పలచనైతే నిమిషం దాకా సర్దుకునే వ్యవధి ఉంటుంది. కొత్తగా నేర్చుకునేవాళ్ళకు పలచనిదే నయం. రెండు మూడు నిమిషాలు ఆగి, బయటికి వచ్చిన గమ్ తీగలను కత్తిరించి, కంటిని తెరిచి ఉంచే స్పెక్యులంను మెల్లగా తీస్తారు. స్పెక్యులం తీసే తొందరలో రెప్ప అంచు తగిలి అతుకు పక్కకి జరిగిపోవడం తెలిసిన ముచ్చటే.

ఎక్కువ గమ్ వేస్తే ఎక్కువ పట్టు అనుకుంటారు. నిజానికి మందమైన గమ్ పొర అతుకుకూ కింది కణజాలానికీ మధ్య అడ్డుగోడ అవుతుంది. కింది నుంచి రక్తనాళాలు వచ్చి అతుకులో చేరాలి. మధ్యలో మందంగా గమ్ ఉంటే అవి ఆలస్యమవుతాయి, గమ్ కరిగే లోపు పట్టు దొరక్కపోతే అతుకు లేస్తుంది. చోటు తడిగా ఉన్నా, రక్తం ఊరుతున్నా గమ్ పలచబడి జారుతుంది. అలాగని రక్తం ఆపడానికి తెల్లగుడ్డును విపరీతంగా కాలిస్తే ఆ చోటు ప్రాణం పోతుంది, అదీ మంచిది కాదు. ఈ గమ్ దాదాపు రెండు వారాల్లో పూర్తిగా కరిగిపోతుంది, తీయించుకునే పని ఉండదు.

కుట్ల విషయం సూటిగా ఉంటుంది. 8-0 వైక్రిల్, లేదా 10-0 నైలాన్ దారం (ఆ అంకెలు దారం ఎంత సన్ననో చెప్పేవి). ముందు నల్లగుడ్డు అంచున ఉన్న రెండు మూలలు, తర్వాత వెనక రెండు మూలలు తెల్లగుడ్డు పై పొరను కొంచెం పట్టుకుంటూ కుట్టాలి. మధ్యలో మరికొన్ని. ఆరు నుంచి పది దాకా పడతాయి. దారం బలం ఉన్నంతకాలం అతుకు జరగదు, ఇదే కుట్ల గొప్పతనం. ఇబ్బంది ఏమిటంటే ప్రతి ముడీ రెప్ప ఆడించినప్పుడల్లా గీసుకుంటుంది. మొదటి వారం పది రోజులు కంట్లో ఇసుక పడ్డట్టు, నీళ్ళు కారుతూ, వెలుతురు చూడలేకుండా ఉంటుంది. వైక్రిల్ మూడు వారాలకు బలం సగానికి తగ్గి, రెండు నెలల చుట్టుపక్కల కరిగిపోతుంది. అది కరిగే తీరులోనే కాస్త మంట, ఎరుపు ఉంటాయి, ఒక్కోసారి ముడి చుట్టూ ఎర్రటి గుళిక లేస్తుంది. నైలాన్ మంట తక్కువ చేస్తుంది కానీ కరగదు, రెండు మూడు వారాలకు తప్పకుండా తీయించుకోవాలి. ఊరు దూరమని తీయించుకోకుండా ఉండిపోతే ముడి దగ్గర చీము పడుతుంది. బస్సెక్కి మళ్ళీ బరంపురం రాలేమనుకుంటే నైలాన్ వద్దని ముందే చెప్పండి.

రెండింటినీ పోల్చిన పరిశోధనలు బాగానే ఉన్నాయి. స్వీడన్‌కు చెందిన కొరాన్యి బృందం 2004లో గమ్ పద్ధతిని వివరించింది. వైద్య పరిశోధనలను సమీక్షించే కాక్రేన్ సంస్థ 2016లో 14 అధ్యయనాలను కలిపి చూస్తే, కుట్లు వేసినవాళ్ళతో పోలిస్తే గమ్ పెట్టినవాళ్ళలో కండ తిరగబెట్టడం దాదాపు సగమే ఉంది. ఆపరేషన్ సగటున 17 నిమిషాలు తక్కువ పట్టింది. మరోవైపు అతుకు జరగడం, లేవడం, గుళికలు కట్టడం లాంటి ఇబ్బందులు మాత్రం గమ్ వైపే ఎక్కువ. సగం అన్న మాట చూసి కంగారు పడక్కర్లేదు, రెండువైపులా మొత్తం మీద తక్కువమందికే తిరగబెట్టింది. గమ్‌తో ఎందుకు తగ్గుతుందన్నదానికి నాకు సబబుగా తోచే కారణం, కుట్ల దారం వల్ల వచ్చే వాపు లేకపోవడం. వాపు ఎంత ఎక్కువ కాలం ఉంటే కండను పెంచే కణాలకు అంత ఊపు.

మూడో దారి ఒకటుంది, మీకు ఎవరూ చెప్పి ఉండరు. గమ్మూ కుట్లూ రెండూ లేకుండా, కోసిన చోట ఊరే సొంత రక్తాన్నే పల్చటి పొరగా ఉంచి దాని మీద అతుకు పరిచి, పది నిమిషాలు కదపకుండా ఆగి, కట్టు కట్టి పంపుతారు. పైసా ఖర్చు లేదు, బయటి ప్లాస్మా భయం లేదు. కాకపోతే అతుకు కొలత ఖచ్చితంగా ఉండాలి, అంచులు ముడుచుకుంటే పట్టు పోతుంది. మొదటి రెండు రోజుల్లో జరిగిపోయే ప్రమాదం మిగతా రెంటికన్నా ఎక్కువ. రక్తం పలచబడే మందులు వాడేవాళ్ళకు ఇది సరిపడదు. మీ నాన్నగారు ఆపరేషన్ తర్వాత రెండు రోజులు కదలకుండా ఉండే మనిషి కాకపోతే దీని జోలికి పోవద్దు.

మీ నాన్నగారి సంగతికొస్తే, 3 మిల్లీమీటర్లు, మొదటిసారి, ఒక్క వైపే. గమ్‌కి చక్కగా సరిపోయే కేసు ఇది. కంటిని నలిపే అలవాటు బాగా ఉన్నా, నిద్రలో ఆ వైపే పడుకుంటారన్నా, డాక్టరును ఇలా అడగండి: గమ్ పెట్టి, నల్లగుడ్డు అంచున రెండు మూలల్లో మాత్రం రెండు కుట్లు వేస్తారా అని. చాలామంది సర్జన్లు అలా చేస్తారు. గుచ్చుకోవడం తక్కువ, అతుకు ముందుకూ వెనక్కూ జరగదు. ఇదివరకే ఒకసారి కోయించుకుని తిరగబెట్టిన కండ అయితే, అతుకు మరీ పెద్దదైతే, కుట్ల వైపే మొగ్గు చూపడం సబబు. ఇక ముందెప్పుడైనా గ్లాకోమా (చూపు నరాన్ని దెబ్బతీసే కంటి జబ్బు) ఆపరేషన్ కావాల్సిన కన్నయితే పైభాగం పొరను దాచి, కిందివైపు నుంచి ముక్క తీయమని అడగాలి.

ఆపరేషన్‌కి ముందు చెప్పాల్సినవి: షుగరు, బీపీ, రక్తం పలచబడే మాత్రలు, కిడ్నీ జబ్బు. కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న ఉద్దానం వైపు చుట్టరికాలున్న ఇళ్ళలో ఈ చివరిది అడగకుండా వదలకూడదు. కిడ్నీ తేడాగా ఉన్నవాళ్ళు నొప్పికి డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ మాత్రలు మింగకూడదు, పారాసిటమాల్‌తో సరిపెట్టాలి. తీసిన కండను లేబ్‌కి పంపమనండి, ముఖ్యంగా అది బూడిదరంగులో జిగటగా ఉంటే, చెవివైపున మాత్రమే ఉంటే. కండలాగే కనబడే కణితులు కొన్ని ఉంటాయి.

ఆపరేషన్ అయ్యాక మొదటి 48 గంటలే గండం. ఒక రోజు కట్టు విప్పకూడదు. కన్ను నలపకూడదు, రాత్రి పైన రేకు కప్పు కట్టుకోవాలి. మొఖం మీద నీళ్ళు కొట్టుకోవడం, తల మీంచి స్నానం వారం దాకా వద్దు, తడిగుడ్డతో తుడుచుకోవచ్చు. మర్నాడు కట్టు విప్పినప్పుడు అతుకు ఉబ్బి, కింద ఎర్రగా నెత్తురు కనబడుతుంది. చూసి భయపడతారు, అది రెండు మూడు వారాల్లో దిగిపోతుంది. అతుకు అంచు ముడుచుకుని నల్లగుడ్డు పక్కన తెల్లటి ఖాళీ కనబడినా, నొప్పి రోజురోజుకీ పెరిగినా, చీము వచ్చినా, చూపు మందగించినా ఆ రోజే వెళ్ళాలి. అంచు కొంచెం లేస్తే కట్టుతోనే సర్దుకుంటుంది. సగం లేచిందంటే రెండు కుట్లు వేసి నిలబెట్టొచ్చు, అదీ మొదటి రెండు మూడు రోజుల్లో వెళ్తేనే. ఇంట్లో పెద్దవాళ్ళు ఆకుపసరు, తేనె, చనుబాలు వేద్దామంటారు. ఏదీ వేయనివ్వకండి, పచ్చి పుండులో అవి చీమును పిలుస్తాయి.

చుక్కల మందులు రెండు రకాలు. యాంటీబయాటిక్ చుక్కలు వారం పది రోజులు. ప్రెడ్నిసొలోన్ 1 శాతం లాంటి స్టెరాయిడ్ చుక్కలు రోజుకు ఆరుసార్లతో మొదలుపెట్టి ఆరు నుంచి ఎనిమిది వారాల్లో నెమ్మదిగా తగ్గిస్తారు. కన్ను తెల్లబడిందని రెండో వారంలోనే ఆపేస్తే వాపు తిరిగి వచ్చి కండ పెరగడానికి దారి పడుతుంది. మరోవైపు అదే చీటీ పట్టుకుని మందుల షాపులో నెలల తరబడి కొని వేసుకునేవాళ్ళున్నారు. కొందరికి ఆ మందుతో కంటిలోపలి ఒత్తిడి పెరిగి, నొప్పి తెలియకుండానే చూపు నరం దెబ్బతింటుంది. రెండు నుంచి నాలుగు వారాల మధ్య ఒకసారి కంటి ఒత్తిడి కొలిపించుకోవాలి. కండ తిరగబెట్టేది ఉంటే దాదాపు అన్నీ మొదటి సంవత్సరంలోనే బయటపడతాయి, అందుకని మూడో నెల, ఆరో నెల, ఏడాదికి చూపించుకుంటే చాలు.

వేట సంగతి. సముద్రం మీద ఎండ పైనుంచే కాదు, నీళ్ళ మీంచి కూడా కొడుతుంది. పక్క నుంచి నల్లగుడ్డులోకి దూరిన కిరణాలు వంగి ముక్కువైపు అంచున కేంద్రీకరిస్తాయి, కండ అక్కడే పుట్టడానికి ఇదొక కారణమంటారు. అందుకని పక్కలు కూడా మూసుకుపోయే రకం, యూవీ 400 అని రాసిన చలువ అద్దాలు కావాలి. బజారులో దొరికే సాదా నల్ల అద్దాలు పక్క నుంచి వచ్చేదాన్ని ఆపలేవు. వెడల్పు అంచు టోపీ కూడా పెట్టించండి. అలలు మొహాన కొట్టే పడవలోకి నెల రోజుల దాకా వెళ్ళకూడదు, గమ్ అయినా కుట్లయినా ఇంతే. ఒడ్డున వల సవరించే పని పది రోజుల తర్వాత అద్దాలు పెట్టుకుని చేసుకోవచ్చు. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరపడవలకు వేట నిషేధం ఎలాగూ ఉంది కాబట్టి, నిషేధం మొదలైన వారంలో ఆపరేషన్ పెట్టించుకుంటే కూలి పోకుండా గడిచిపోతుంది. ఎండాకాలంలో చెమట కంట్లోకి దిగకుండా నుదుటికి గుడ్డ కట్టుకుంటే సరి.

ఆ కంట్లోనే శుక్లం కూడా ఉందని అంటే రెండూ ఒకేరోజు చేయించకండి. కండ నల్లగుడ్డును లాగి దాని వంపును మార్చేస్తుంది, ఆ తప్పు వంపు మీద కొలిచిన లెన్సు పవరు సరిపోదు. ముందు కండ తీయించి, రెండు మూడు నెలలకు వంపు స్థిరపడ్డాక కొలతలు తీసి శుక్లం ఆపరేషన్ చేయించాలి.

డబ్బు గురించి ఆస్పత్రిలో రెండు మాటలు సూటిగా అడగండి. మీ ఆరోగ్య కార్డు ఆ ఆస్పత్రిలో చెల్లుతుందా, ముఖ్యంగా రాష్ట్రం దాటి విశాఖ వెళ్తున్నప్పుడు. ప్యాకేజీలో అతుకు ఖర్చు ఉన్నా గమ్ కిట్ కూడా అందులోనే ఉందా, లేక వేరుగా కొనాలా. కిట్‌ను మీతోనే కొనిపిస్తే పెట్టె మీద గడువు తేదీ, చలువలో దాచి ఇచ్చారా అన్నది చూసుకుని, ఐస్ సంచిలో పెట్టి థియేటర్ సిస్టర్ చేతికే ఇవ్వండి. ఒకే కిట్‌ను పలువురికి పంచుతామన్నారంటే, ఒక్కొక్కరి వాటాను ముందే శుభ్రంగా వేర్వేరు సిరంజీల్లోకి తీస్తారా, లేక ఒకరి కంటి దగ్గర వాడిన సిరంజీనే ఇంకొకరికి తెస్తారా అని అడగండి. రెండోదైతే కుట్లే వేయమనండి.